కొంగ వైపు తిరిగిన ముఖం

నల్లగుడ్డ జారి నా కాళ్ళ మీద పడింది. ఈ కథ పోయిన వారం భాగం అక్కడ ఆగింది. నేనూ అక్కడే ఆగిపోయాను.

మా లోయలో ఇంటి పెద్ద పోతే ముందుగోడ మీద వంశచిహ్నాలు చెక్కిన రాతి డాలుకు నల్లగుడ్డ కప్పుతారు. ఏడాదిపాటు ఆ ఇంటికి ముఖం ఉండదు. ఏడాది తిరిగిన రోజున, చర్చిలో పూజ అయ్యాక, వారసుడు ఆ గుడ్డ లాగేస్తాడు. మధ్యాహ్నం గంట మోగగానే డాలు కింద గోడకు వీపు ఆనించి నిలబడి, “అమ్మా, వీళ్ళకు దాహంగా ఉంది” అంటాడు. తల్లి వైన్ కూజా తెచ్చి అతని చేతికిస్తుంది. అతను ఊరివాళ్ళ గ్లాసుల్లో పోస్తాడు. మొదటి గ్లాసు అతని తర్వాత ఇంటికి హక్కున్న దాయాది తాగుతాడు. అతను తాగితే ఊరంతా ఒప్పుకున్నట్టే. పోసినవాడు ఆ ఇంటివాడు. కాగితాలూ సంతకాలూ ఏవైనా ఆ తర్వాతే.

నాన్న బల్తసార్ బుస్తారియేగో పోయి ఏడాది అయింది. నేను, లియాండ్రోని, ఆయన ఒక్కగానొక్క కొడుకుని. శాంతాందెర్‌లో పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పే ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చాను. ఊరందరి ముందూ గుడ్డ లాగాను. తల ఎత్తి చూశాను.

డాలు మారలేదు. ఒక సగంలో ఓక్ చెట్టు కింద తోడేలు. అది నాన్న వంశం. రెండో సగంలో నీళ్ళలో ఒంటికాలి మీద కొంగ. అది అమ్మ వంశం. పై లోయలోని కొంగల ఇంటి ఆడపిల్లలు తరతరాలుగా మా తోడేళ్ళ ఇంటికే కోడళ్ళుగా వస్తున్నారు. మారింది డాలు నెత్తిన వేరే రాయిగా కూర్చున్న శిరస్త్రాణం, ఊరివాళ్ళు టోపీ అనేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అది తోడేలు వైపు, అంటే చర్చి వైపు చూసేది. ఇప్పుడు కొంగ వైపు, పశువుల నీళ్ళతొట్టి వైపు చూస్తోంది.

దానర్థం మా లోయలో పాలు మరిచిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. తోడేలు వైపు చూస్తే ఇంటివాడు పెళ్ళిలో పుట్టినవాడు. అటు తిరిగి ఉంటే పెళ్ళికి బయట పుట్టినవాడు.

విచిత్రం ఏమిటంటే నేను మొదట రాయిని అనుమానించలేదు. నన్నే అనుమానించాను. కుడి ఎడమలు నాకు చిన్నప్పటి నుంచీ కుదరవు. బడిలో చెయ్యి ఎత్తమంటే ముందు పక్కవాడిని చూసేవాణ్ణి. నాన్నకు అది పెద్ద అవమానంగా ఉండేది. ఒకరోజు నన్ను ఈ డాలు ముందుకే తీసుకొచ్చి, “కుడి ఎక్కడుందో చూపించు” అన్నాడు. నేను నా కుడిచేతి వైపు ఉన్న కొంగను చూపించాను. “అది చూసేవాడి కుడి. డాలుకు చూసేవాడితో పనిలేదు” అని నన్ను భుజాలు పట్టి తిప్పి, వీపు గోడకు ఆనించి నిలబెట్టాడు. “ఇప్పుడు డాలు నువ్వు మోస్తున్నావు. నీ కుడి ఎటుంది?” నా కుడి చర్చి వైపుంది. తోడేలు వైపుంది. “అదీ కుడి. తెలుసుకోవాలంటే ఇలా నిలబడాలి.”

“ఇలా నిలబడితే డాలు కనబడదు కదా నాన్నా?”

“మోసేవాడికి కనబడదురా. కనబడాల్సింది ఎదుటివాళ్ళకు.”

ఆ జవాబు నాకు అర్థం కాలేదు. కుడి ఎడమలు మాత్రం అప్పటి నుంచీ ఇంకా కలిసిపోయాయి. అందుకే ఇప్పుడు వాకిట్లో నిలబడి, ముందు నా చేతులు చూసుకున్నాను. తర్వాత చర్చి వైపు చూశాను. చర్చి కదలదు. నా జ్ఞాపకంలో శిరస్త్రాణం దాన్నే చూస్తుంది. కానీ ఎంత గట్టిగా జ్ఞాపకం చేసుకుంటే అంత వదులవుతోంది. చివరికి మనసులోని శిరస్త్రాణం కూడా మెల్లగా మెడ తిప్పి తొట్టి వైపు చూడసాగింది. నాకు భయం వేసింది.

పక్కన ఫాదర్ ఎమెతేరియో ఉన్నాడు. పూజ వస్త్రాలు విప్పేసి, చేతిలో గ్లాసు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

“ఫాదర్, ఆ టోపీ ముఖం ఇదివరకు ఎటు ఉండేది?”

“చర్చి వైపే కదా నాయనా.” ఆయన కళ్ళజోడు సవరించుకుని పైకి చూశాడు. “ఓహో. తొట్టి వైపా? ఏమో మరి. ఈ ఊరొచ్చినప్పటి నుంచీ దీని కింద నుంచే నడుస్తున్నాను. కానీ ఈ దారిలో ఎప్పుడూ పేడ ఉంటుంది. నేను కిందికే చూస్తాను.”

“తొట్టి వైపే!” అంది వెనక నుంచి ముసలి ఫబియానా. “నీళ్ళకు వెళ్తుంటే నన్నే చూసేది. మా ఆయన, దేవుడు చల్లగా చూడాలి, దాని మీద అనుమానపడేవాడు కూడా.”

“నిన్ను రాయి తప్ప ఎవరు చూస్తారే?” అన్నాడు ఆవును తోలే కర్ర మీద గడ్డం ఆనించుకున్న ముసలాయన. “అది నేరుగా చూసేది. ఎదురుగా. నాకు బాగా గుర్తు.”

“నేరుగా చూసే టోపీ రాజులకే ఉంటుంది తాతా. మా పెదనాన్న రాజు కాడు” అన్నాడు గౌదెన్సియో. నవ్వులు లేచాయి.

గౌదెన్సియో మా చిన్నాన్న కొడుకు. పక్క పట్నంలో మందుల కొట్టు ఉంది. నాకన్నా పెద్దవాడు. నా తర్వాత ఈ ఇంటికి హక్కుదారు అతనే. మొదటి గ్లాసు తాగాల్సిందీ అతనే. ఆ గ్లాసును పొద్దుటి నుంచీ జేబురుమాలుతో తుడుస్తూనే ఉన్నాడు.

నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్ళాడు.

“తమ్ముడూ, వీళ్ళనెందుకు అడుగుతావు? వీళ్ళు వాళ్ళ పెళ్ళాల మొహాలే సరిగా చూడరు. నేను చూశాను. ఎప్పుడూ చర్చి వైపే ఉండేది.”

గుండె ఒక్క క్షణం తేలికైంది. నేను పిచ్చివాణ్ణి కాను. ఆ మరుక్షణమే అర్థమైంది. నాకు పిచ్చి లేకపోతే అది మరింత చెడ్డవార్త.

“మరి?”

“రాయికి మెడనొప్పి రాదు. వస్తే నా కొట్టుకు పంపించు, మందు రాస్తాను.” నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. “ఎవరో తిప్పారు. ఎవరో ఏదో చెప్పదలుచుకున్నారు. నేనేం అనడం లేదు తమ్ముడూ. అనేదంతా రాయే అంటోంది. గంట కొట్టాక నువ్వు దాని కింద నిలబడి పోస్తే, ఈ గ్లాసు ఎత్తాలో, బోర్లించాలో ఆలోచించుకుంటున్నాను, అంతే.”

“నేను మా నాన్న కొడుకుని కాదంటావా?”

“నీ ముక్కు చూస్తే మా పెదనాన్న ముక్కే. అందుకే నాకూ అయోమయంగా ఉంది.”

అతను నిజంగానే అయోమయంగా చూశాడు. అతన్ని ద్వేషించడానికి నాకు అవకాశం కూడా ఇవ్వలేదు.

అమ్మ కోసం చూశాను. చర్చి నుంచి పక్కదారిన ఇంట్లోకి వెళ్ళిపోయింది. కూజా నింపాలి. గంట మోగేదాకా వారసుడి తల్లి బయటికి రాకూడదు. అప్పుడు గమనించాను, వాకిట్లో ఊరంతా ఉంది గానీ కసిల్దా పిన్ని లేదు. అమ్మ చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. నేను పుట్టకముందు నుంచీ మా ఇంట్లోనే ఉంది. పూజ అవుతూనే, “జున్ను వదిలి ఎక్కువసేపు ఉండలేను” అని వెళ్ళిపోయింది. తరానికి ఒకసారి వచ్చే రోజు. జున్ను ఒక గంట ఆగలేదా?

నేను పాలగదికి వెళ్ళాను.

మా పాలగది ఇంటికి తొట్టి వైపు మూలన ఉంటుంది. నేల కన్నా రెండు మెట్లు కిందికి. చిన్నప్పుడు నాన్న కోపం నుంచి తప్పించుకోవాలంటే అక్కడికే పరుగెత్తేవాణ్ణి. లోపల చల్లగా పుల్లటి వాసన. బల్ల మీద గుడ్డలో చుట్టిన జున్నుముద్ద, దాని మీద చెక్క, చెక్క మీద బరువుగా ఒక పెద్ద రాయి. నీళ్ళు చుక్కచుక్కగా కారుతుంటాయి. ఆ రాయికి ‘ముసలాడు’ అని పేరు. మా ఇంటి మీద నుంచి ఎప్పుడో దించేసిన పాత శిరస్త్రాణం అని తెలుసు గానీ దాని ముఖం ఎప్పుడూ చెక్క వైపే బోర్లా ఉండేది. నాకు తెలిసింది దాని నున్నటి నడినెత్తి, వెనక మెడ. నేను దాని మెడ మీద రొట్టెముక్కలు పెట్టి, నా గొడవలన్నీ చెప్పుకునేవాణ్ణి. ముసలాడు మంచివాడు. అడ్డు మాట్లాడేవాడు కాదు.

లోపల పిన్ని లేదు. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాయి. చెక్క మీద రాయి ఉంది. అది ముసలాడు కాదు.

దగ్గరికి వెళ్ళాను. రాతి ఈకల మధ్య పిచ్చుకల రెట్ట గట్టిపడి ఉంది. ఎండావానా తిన్న రాయి, పసుపు మచ్చలు. ముందు ఈకకు కొన లేదు. ఆ కొన విరగ్గొట్టింది నేనే. వడిసెల కొత్తగా చేసుకున్న రోజున, చర్చి గంటకు గురిపెట్టి కొడితే ఆ రాయి దీనికి తగిలింది. నాన్న చేత తిన్న దెబ్బలు ఇంకా గుర్తున్నాయి. విరిగిన చోట వేలు పెట్టి తడిమాను. వేలికి గుర్తుంది. నా బుర్ర కన్నా నా వేలే నమ్మకమైనది.

అంటే గోడ మీద ఉండాల్సింది జున్ను మీద ఉంది. జున్ను మీద ఉండాల్సింది గోడ మీద ఉంది. చిన్నప్పుడు నేను రొట్టెముక్కలు పెట్టిన ముసలాడి ముఖాన్ని ఇవాళ మొదటిసారి చూశానన్నమాట, ఊరందరితో కలిసి. అది తొట్టి వైపు తిరిగిన ముఖం.

“చూశావా?” అంది పిన్ని.

వెనక మెట్ల మీద నిలబడి ఉంది. చేతిలో పాలగిన్నె. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

“ఎందుకు చేశావు పిన్నీ?”

“నేనా?” గిన్నె బల్ల మీద పెట్టింది. చేతులు తుడుచుకోవడానికి ఏప్రన్ వెతుక్కుంది, అది నడుముకే ఉన్నా. “నేనెందుకు చేస్తానురా? నేను చచ్చేదాకా ఆ ముసలాడు ఆ చెక్క మీద బోర్లా పడుకునే ఉండాలని రోజూ దేవుడికి దండం పెట్టుకున్నదాన్ని.”

“మరెవరు?”

గుడ్డ సవరిస్తూ రాయికి అటువైపు నిలబడింది. మా ఇద్దరి మధ్యా ఆ రాయి.

“వసంతంలో నా కంటి పొర తీయించడానికి నన్ను నీ దగ్గరికి పంపించారు గుర్తుందా? శాంతాందెర్‌లో నీ ఇంట్లోనే ఉన్నాను. కట్టు విప్పాక ఇంటికొచ్చాను. కొత్త చూపుతో మొట్టమొదట ఈ గదిలోకే వచ్చాను. ఈ కంటితో మొదట చూసింది దీన్నే.” విరిగిన ఈకను చూపించింది. “డాక్టరు సరిగా కోయలేదేమో అనుకున్నాను. చేత్తో తడిమాను. తర్వాత ఊళ్ళో వాళ్ళు చెప్పారు, చూరు బాగుచేయడానికి అక్క పై లోయ నుంచి తాపీవాళ్ళను పిలిపించిందని. నల్లగుడ్డ వెనకే పని చేసుకుపోయారట.”

“అమ్మా?”

“అక్కే.”

“నువ్వు అడగలేదా?”

“ఏమని అడగను?” ఆమె గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. వాకిలి వైపు చూసి మళ్ళీ తగ్గింది. “పొద్దున అక్కా నేనూ ఒకే బల్ల దగ్గర రొట్టె తింటాం. ఉప్పు అందివ్వవే అంటుంది. అందిస్తాను. వర్షం వచ్చేలా ఉందంటుంది. ఉందంటాను. అప్పటి నుంచీ ఈ రాయి కిందే జున్ను పిండుతున్నాను. అక్క ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. నన్ను భయపెట్టడానికి పెట్టిందనుకున్నాను. గుడ్డ తీసేలోగా మళ్ళీ మార్పించేస్తుందనుకున్నాను. ఇవాళ పొద్దున కూడా, చర్చికి వెళ్ళే ముందు, గుడ్డ అంచు కింద నుంచి తొంగిచూశాను, పిచ్చిదానిలా.”

పాలకుండ బోర్లించి దాని మీద కూర్చున్నాను, చిన్నప్పటిలాగే.

“పిన్నీ, ఒక్కటే అడుగుతాను. నేను నాన్న కొడుకునేనా?”

“అవును.”

ఆలోచించకుండా చెప్పింది. ఆ అవును కోసం గుడ్డ లాగినప్పటి నుంచీ ఎదురుచూస్తున్నాను. అది వచ్చింది. కానీ ఏమీ తీరలేదు. తలుపు తీస్తే ఇంకో తలుపు ఉన్నట్టయింది.

“అయితే అమ్మ గోడ మీద అబద్ధం పెట్టించిందా?”

“మీ అమ్మ అబద్ధం ఆడదు. అదే దానితో కష్టం.” పిన్ని రాయి మీద చెయ్యి వేసింది. ఆవు నుదుటి మీద వేసినట్టు. “ముసలాడి కథ మీ నాన్న నీకు చెప్పలేదా? ఈ ఇల్లు కట్టిన మొదటి బుస్తారియేగో పెళ్ళికి బయట పుట్టినవాడే. దాచుకోలేదు. రాజు తరఫున పోరాడి డాలు తెచ్చుకుని, టోపీని మాత్రం అటే తిప్పి చెక్కమన్నాడట. శిల్పి భయపడి, అయ్యా అందరూ నవ్వుతారన్నాడట. నవ్వనీ, అది మా అమ్మ వైపు చూస్తోంది అన్నాడట. ఆ తల్లి మా ఇంటిపిల్లే. కొంగల ఇంటిపిల్ల. తర్వాత మీ ముత్తాతకు సిగ్గేసింది. చదువుకున్నవాడు కదా. కొత్త టోపీ చెక్కించి, ముసలాణ్ణి నా జున్ను మీదికి పంపించాడు.”

నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. తల్లి వైపు చూడటం. ఇన్నేళ్ళూ నేను దాన్ని ఎడమ అనే అనుకున్నాను. తప్పు వైపు అనే అనుకున్నాను. అటు ఒక మనిషి ఉంటుందని తోచలేదు.

“లియాండ్రో, నువ్వు బొమ్మలు గీసేవాడివి. నీకు చెప్పాలా? ఆ డాలులో తోడేలు ఎవరిది?”

“నాన్నది.”

“కొంగ?”

“అమ్మది.”

“మా నాన్నకు ఇద్దరు కూతుళ్ళు” అంది పిన్ని.

చుక్క పడిన శబ్దం వినిపించింది. ఇంకో చుక్క. జున్నులోంచి నీళ్ళు.

కొన్ని మాటలు అర్థం కావడానికి సమయం పట్టదు. అర్థమయ్యాక వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. నేను ఆ సమయంలో తలచుకున్నది చాలా చిన్న విషయాలు. నాకు జ్వరం వచ్చినప్పుడు నుదుటి మీద తడిగుడ్డ వేసింది అమ్మ. గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రాకుండా, ఎంత వేడిగా ఉందని అడిగింది పిన్ని. ఎప్పుడూ గుమ్మం దగ్గరే. నేను ఆమెను కొంచెం నిర్లిప్తమైన మనిషి అనుకునేవాణ్ణి. పిల్లలంటే ఇష్టం లేదేమో అని జాలిపడేవాణ్ణి కూడా.

“డాలులో ఒక్క గీత మార్చక్కర్లేదు చూడు” అంటోంది పిన్ని, నాకు కాకుండా రాయికి చెబుతున్నట్టు. “తోడేలూ నిజమే, కొంగా నిజమే. నువ్వు పూర్తిగా ఆ డాలువే. టోపీ ఒక్కటే అబద్ధం. అక్క ఆ ఒక్కటే దిద్దింది.”

“అమ్మకు ఎప్పుడు తెలిసింది?”

“మొదటి నుంచీ. తెలియకుండా ఎలా? అక్కకు పిల్లలు నిలవలేదు. నేను సాయానికి వచ్చాను. తర్వాత... అది నువ్వు అడగకు, నేను చెప్పను. అక్కే నన్ను చలికాలానికి మా పుట్టింటికి తీసుకెళ్ళింది. మంచు కరిగాక ముగ్గురం వచ్చాం. పిల్లవాడు అక్క చేతుల్లో ఉన్నాడు. ముగ్గురం, అక్కా నేనూ మీ నాన్నా, ఈ గదిలోనే ముసలాడి మీద చెయ్యి వేసి మాట అనుకున్నాం. పిల్లవాడికి ఒకే తల్లి. రెండో మాట ఎవరి నోటా రాకూడదు. మీ నాన్న నిలబెట్టుకుని పోయాడు. నేను నిలబెట్టుకున్నాను.” ఆమె కళ్ళు తుడుచుకోలేదు. కోసిన కంట్లోంచి మాత్రమే నీళ్ళు వస్తున్నాయి. “అక్క ఎందుకు తప్పింది? నా మీద కసా? చచ్చినవాడి మీదా? నిన్ను గౌదెన్సియో ముందు గడ్డిపరకను చేద్దామనా? నాకు తెలియదురా. నలభై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. అక్క మనసులో ఏముందో నాకు తెలియదు.”

“నువ్వు నాతో ముందే చెప్పొచ్చు కదా. నా ఇంట్లో కట్టు కట్టుకుని పడుకున్నప్పుడు చెప్పొచ్చు కదా.”

“నీ ఇంట్లో నువ్వు నాకు చెంచాతో పులుసు తాగించావు” అంది. “అప్పుడు చెబితే కూలి అడిగినట్టు ఉండేది.”

నేను లేచాను. ఏం చేయడానికి లేచానో తెలియదు. ఆమెను పట్టుకోవాలా, ఆమె నుంచి పారిపోవాలా. రాయికి అటు ఆమె, ఇటు నేను. చెయ్యి చాపితే రాయే తగిలింది. ఆమె కూడా దాని మీదే చెయ్యి ఉంచింది. మా వేళ్ళు కలవలేదు, కానీ ఒకే రాయి చల్లదనం ఇద్దరికీ తెలిసింది.

మధ్యాహ్నం గంట మొదలైంది.

“వెళ్ళు” అంది పిన్ని. “నిలబడకపోతే గౌదెన్సియో నిలబడతాడు.”

“నువ్వు కూడా రా.”

“నాకు జున్ను పని ఉంది.”

“పిన్నీ.” ఆ పిలుపు నోట్లో కొత్తగా తగిలింది. సరిపోని చెప్పులో కాలు పెట్టినట్టు. “జున్ను ఆగుతుంది.”

బయట ఎండ కళ్ళలో గుచ్చింది. ఊరివాళ్ళు సగం వలయంగా నిలబడ్డారు. గ్లాసులు తళుక్కుమంటున్నాయి. ముసలాయన ఫబియానాతో, “చెప్పానా, నేరుగానే చూసేది” అంటున్నాడు. ఆమె అతని పాదం తొక్కింది.

నేను డాలు కిందికి నడిచి, వెనక్కి తిరిగి, గోడకు వీపు ఆనించాను. వీపుకు రాయి వేడిగా ఉంది. నాన్న చేతులు భుజాల మీద ఉన్నట్టే అనిపించింది. ఇప్పుడు డాలు నువ్వు మోస్తున్నావు. నాకు తోడేలు కనబడదు. కొంగ కనబడదు. నా తల మీద ఏ ముఖం ఎటు చూస్తోందో ఎదురుగా ఉన్నవాళ్ళ కళ్ళలో తప్ప నాకు తెలిసే దారి లేదు. ఆ కళ్ళన్నీ నా ముఖానికి కొంచెం పైన ఉన్నాయి.

ఇంటి తలుపు తెరుచుకుంది. అమ్మ వచ్చింది. నల్లబట్టల్లో, నిటారుగా. రెండు చేతులతో వైన్ కూజా పట్టుకుని, ఒక చుక్క కూడా ఒలకకుండా మెట్లు దిగింది. ఆమె నా వైపు చూడలేదు. పైకి చూసింది, శిరస్త్రాణం వైపు, గోడకు పటం సరిగా తగిలించారా అని చూసినట్టు. తృప్తి పడిందో లేదో ఆ ముఖంలో కనిపించలేదు.

తర్వాత తొట్టి వైపు తిరిగింది. పాలగది మెట్లు ఎక్కి పిన్ని వచ్చి, ఇంటి మూలన ఆగిపోయి ఉంది. ఏప్రన్ తడిగా, చేతులు తెల్లగా.

అమ్మ నా దగ్గరికి రావాల్సింది. రాలేదు. వాకిలి అడ్డంగా దాటుకుని పిన్ని దగ్గరికి వెళ్ళింది. గంట ఆగిపోయింది. వాకిట్లో ఆమె చెప్పుల చప్పుడు ఒక్కటే.

“పట్టుకో కసిల్దా” అంది.

“అక్కా, వద్దు. అందరూ చూస్తున్నారు.”

“చూడనీ. నేను చాలా కాలం మోశాను. చేతులు నొప్పిగా ఉన్నాయి.”

“అక్కా, మనం మాట అనుకున్నాం.”

“ముగ్గురం అనుకున్నాం” అంది అమ్మ. “ఒకరు పోయారు.”

గౌదెన్సియో ముఖంలో ఏదో లెక్క మొదలై, మధ్యలో తప్పింది. అతను నా ముక్కు వైపు చూశాడు. పిన్ని ముఖం చూశాడు. చేతిలో గ్లాసు తుడవడం మానేశాడు.

పిన్ని చేతులు మెల్లగా లేచాయి. కూజా పిడి ఒక వైపు పట్టుకుంది. అమ్మ రెండో వైపు వదల్లేదు. వదలకపోవడం కోపమో, ఆసరానో నాకు తెలియలేదు. ఇద్దరూ కొంగల ఇంటిపిల్లలే. ఒకే ఎత్తు, ఒకే పొడుగాటి మెడ. ఇన్నేళ్ళలో నేను ఆ పోలిక గమనించలేదు. ఆ నడుమ కూజాలో వైన్ అటూ ఇటూ ఊగుతోంది.

ఇక నా వంతు. ఆ మాట నేను అనాలి. అనకపోతే ఎవరికీ దాహం తీరదు. ఏం అనాలో ఊరంతటికీ తెలుసు. నాకూ తెలుసు. ఎవరితో అనాలో ఒక్కటే తెలియదు. ఒకరిని చూసి అంటే ఇంకొకరిని ఊరి ముందు చంపినట్టే. కుడి ఎటు? ఎడమ ఎటు? వీపు గోడకు ఇంకా గట్టిగా నొక్కాను. కళ్ళు మూసుకున్నాను.

“అమ్మా” అన్నాను.

కళ్ళు తెరిచేసరికి ఇద్దరూ తల ఎత్తి నా వైపే చూస్తున్నారు.